ఒత్తులు రాలే తెర: నవ్వించే వైరస్‌లో నవ్వు ఎక్కడ, నష్టం ఎక్కడ

తెరమీద తెలుగు వ్యాసం ఒకటి చదువుతున్నారు. ఉన్నట్టుండి 'అమ్మ' అన్న మాటలో మ ఒత్తు ఊడి, ఎండుటాకులా ఊగుతూ కిందికి జారింది. పైన 'అమ' మిగిలింది. ఆ వెంటనే 'అన్నం' కాస్తా 'అనం' అయింది, 'రాష్ట్రం' పోయి 'రాషం' మిగిలింది. అర నిమిషంలో ఒత్తులన్నీ తెర అడుగున కుప్పపడ్డాయి. పైనున్న వాక్యాలన్నీ బోసిపోయాయి.

ఎవరికీ హాని చెయ్యని, కాసేపు నవ్వించి వెళ్ళిపోయే కంప్యూటర్ వైరస్‌ను ఊహించమంటే తెలుగు చదివేవాళ్ళకు తట్టదగ్గ ఊహ ఇది. దీనికి ఇంగ్లీషు తోబుట్టువు ఒకటి 1980ల చివర్లోనే పుట్టింది. దాని పేరు క్యాస్కేడ్. 1988లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సోకిన కంప్యూటర్లలో అక్షరాలు టపటపా రాలి తెర అడుగున పోగయ్యేవి. యూరప్‌లో అది ఆకులు రాలే కాలం. అందుకే జర్మన్లు దాన్ని శిశిరపు ఆకుల పేరుతోనే పిలిచారు.

ఇలాంటి ఊహలు ముచ్చటగా ఉంటాయి. అయితే వాటిలో ఏది నిజంగా నిరపాయం, ఏది కాదు అన్నది పైకి కనబడే చమత్కారాన్ని చూసి తేల్చలేం. తేల్చాలంటే ఆ చమత్కారం ఏ పొర మీద జరుగుతోందో, యంత్రంలోకి ఏ దారిన వచ్చిందో చూడాలి. ఈ రెండూ చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

తెర మీద ఆట, ఫైలు మీద వేటు

క్యాస్కేడ్ నాటి డాస్ (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన వ్యవస్థ) తెర 25 వరుసలు, వరుసకు 80 గళ్ళు. మొత్తం 2000 గళ్ళు. ఒక్కో గడికి మెమరీలో 2 బైట్లు: ఒకటి అక్షరానికి, ఒకటి రంగుకు. అంటే తెరంతా కలిపి 4000 బైట్లు. తెరమీద క్యాస్కేడ్ చేసిందల్లా ఈ 4000 బైట్లలో అక్షరాలను ఒక గడి నుంచి కింది గడికి జరపడమే. డిస్కులో ఉన్న ఉత్తరానికి, లెక్కల పట్టికకు ఆ రాలడంవల్ల ఏమీ కాలేదు. యంత్రం ఆపి మళ్ళీ వేస్తే అంతా మామూలే. కానీ అక్షరాలు రాలుతుంటే ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? యంత్రం పాడైందనుకుని రీసెట్ నొక్కుతాడు. సేవ్ చెయ్యని పనంతా దాంతో పోతుంది. ఆ పనిని అక్షరాల రాలడం ముట్టుకోకపోయినా, అది పుట్టించిన భయం ముట్టుకుంది.

మన ఒత్తుల వైరస్‌కు ఈ తేడా ఇంకా ముఖ్యం. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక అంకెను సంకేతంగా ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో ఒత్తుకు విడిగా సంకేతం లేదు. 'అమ్మ' అని రాస్తే ఫైలులో ఉండేవి నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. అంకెల్లో చెప్పాలంటే 3077, 3118, 3149, 3118. మధ్యలో ఉన్న 3149 అనే పొల్లును చూసి, దాని తర్వాతి హల్లును ఒత్తుగా మార్చి గీసేది ఫాంటు. ఆ సంకేతాలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కాబట్టి 'అమ్మ' 12 బైట్లు.

ఇప్పుడు ఒత్తు రాలడాన్ని రెండు రకాలుగా చూపించవచ్చు. తెరమీద బొమ్మగా మాత్రమే కదిలించడం ఒకటి. ఫైలులో పొల్లునూ దాని తర్వాతి హల్లునూ నిజంగానే తీసెయ్యడం రెండోది. చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండో దారిలో వెళ్తే ఏమవుతుందో చూడండి. 'అన్న' అంటే 3077, 3112, 3149, 3112. 'అన్య' అంటే 3077, 3112, 3149, 3119. రెండిట్లోనూ చివరి రెండు సంకేతాలు తీసేస్తే మిగిలేది ఒక్కటే: 3077, 3112. అంటే 'అన'. ఈ 'అన' ఒకప్పుడు అన్నా, అన్యా అని ఇక ఏ ప్రోగ్రామూ తిరిగి చెప్పలేదు. 'పక్క', 'పక్ష' రెండూ 'పక' అయిపోతాయి. 'చక్క', 'చక్ర' రెండూ 'చక'. నవ్వు అయిపోయాక వెనక్కి తిప్పే మీట పెట్టాలన్నా పెట్టలేం, ఎందుకంటే సమాచారమే పోయింది.

నిరపాయమైన చమత్కారానికి మొదటి పరీక్ష ఇది. సమాచారం ఉన్నచోట చెయ్యి పెట్టకూడదు. చూపించే పొర మీదే ఆడుకోవాలి.

పిల్లలు పెట్టే ప్రోగ్రాం

కంప్యూటర్‌లో తమాషా చేసే ప్రతి ప్రోగ్రామూ వైరస్ కాదు. వైరస్‌లో రెండు భాగాలుంటాయి. తన ప్రతులను తానే తయారుచేసుకుని మరో ఫైలులోకో, మరో డిస్కులోకో ఎక్కించే భాగం ఒకటి. ఎక్కిన చోట చేసే పని రెండోది. దాన్నే పేలోడ్ అంటారు. మనకు గుర్తుండిపోయేది పేలోడ్. ఆంబులెన్స్ అనే వైరస్‌లో చిన్న అంబులెన్సు బండి సైరను మోగిస్తూ తెర అడుగున పరుగెత్తేది. యాంకీ డూడుల్ సాయంత్రం 5 గంటలకు పాట వాయించేది. 1982లో అమెరికా పెన్సిల్వేనియాలో రిచ్ స్క్రెంటా అనే హైస్కూలు కుర్రాడు యాపిల్-2 కంప్యూటర్ కోసం రాసిన ఎల్క్ క్లోనర్ వైరస్, అది సోకిన ఫ్లాపీతో (అప్పట్లో ఫైళ్ళు దాచుకున్న పలుచటి డిస్కు) 50వ సారి యంత్రం మొదలుపెట్టినప్పుడు ఒక చిన్న పద్యం చూపించేది.

వీటిలో ఏ పేలోడూ ఎవరి డేటాకూ గురిపెట్టలేదు. అయినా వీటివల్ల నష్టం జరిగింది. దానికి ముఖ్య కారణం పేలోడ్ కాదు, ప్రతులు చేసుకునే భాగం. ప్రతికి కొంత చోటు కావాలి. ఆ చోటు ఎవరిదో తెలియకుండానే తీసుకోవాలి. దీన్ని ఒక్కచోట దగ్గరగా చూస్తే మిగతావన్నీ అర్థమవుతాయి.

స్టోన్డ్ అనే వైరస్ 1980ల చివర్లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పుట్టింది. దాని చమత్కారం ఇంతే: సోకిన ఫ్లాపీతో యంత్రం మొదలుపెడితే, 8 సార్లలో ఒకసారి 'మీ పీసీ ఇప్పుడు మత్తులో ఉంది' అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం తెరమీద పడుతుంది. అంతకుమించి ఏమీ చెయ్యదు. ఫార్మాట్ చెయ్యదు, ఫైళ్ళు చెరపదు.

ఫ్లాపీలోని వలయాలను ట్రాకులంటారు, వలయంలోని ముక్కలను సెక్టర్లంటారు. స్టోన్డ్ దాక్కునేది ఫ్లాపీ మొదటి సెక్టర్లో, అంటే యంత్రం మొదలయ్యేటప్పుడు ముందుగా చదివే బూట్ సెక్టర్లో. తను అక్కడ కూర్చోవాలంటే అసలు బూట్ సెక్టర్‌ను మరోచోటికి తరలించాలి, లేకపోతే యంత్రం మొదలవదు. అందుకు అది ఎంచుకున్న చోటు మొదటి ట్రాకులో రెండో వైపు, 3వ సెక్టర్. ఎప్పుడూ అదే చోటు. ఇక్కడే లెక్క చెయ్యాలి.

360 కేబీ ఫ్లాపీలో ట్రాకుకు 9 సెక్టర్లు. సున్నా నుంచి లెక్కపెడితే రెండో వైపు 3వ సెక్టర్ అంటే 11వ నంబరు. ఆ ఫ్లాపీలో సున్నా నంబరు బూట్ సెక్టర్, 1 నుంచి 4 దాకా ఫైళ్ళ కేటాయింపు పట్టిక రెండు ప్రతులు, 5 నుంచి 11 దాకా డైరెక్టరీ. డైరెక్టరీ అంటే పుస్తకం ముందుండే విషయసూచిక లాంటిది. సెక్టరుకు 512 బైట్లు, ఒక్కో ఫైలు పద్దుకు 32 బైట్లు, కాబట్టి సెక్టరుకు 16 పద్దులు. ఏడు సెక్టర్లకు 112. స్టోన్డ్ ఆక్రమించిన 11వ నంబరు సెక్టర్ డైరెక్టరీలో చిట్టచివరిది. ఫ్లాపీలో 96 ఫైళ్ళు దాటితేనే అది వాడకంలోకి వస్తుంది. 360 కేబీలో అన్ని ఫైళ్ళు పెట్టేవాళ్ళు అరుదు. అంటే ఆ ఫ్లాపీ వరకు రచయిత ఎంపిక తెలివైనదే.

ఇప్పుడు అదే వైరస్ 1.2 ఎంబీ ఫ్లాపీలోకి ఎక్కిందనుకోండి. ఇందులో ట్రాకుకు 15 సెక్టర్లు. రెండో వైపు 3వ సెక్టర్ అంటే 17వ నంబరు. ఈ ఫ్లాపీలో కేటాయింపు పట్టికలు 1 నుంచి 14 దాకా, డైరెక్టరీ 15 నుంచి మొదలు. 17 అంటే డైరెక్టరీలో మూడో సెక్టర్. 33వ ఫైలు నుంచి 48వ ఫైలు దాకా పద్దులున్నచోట బూట్ సెక్టర్ వచ్చి కూర్చుంది. ఆ ఫైళ్ళు డిస్కులో ఉన్నా వాటి పేర్లూ, అవి ఎక్కడ మొదలవుతాయన్న ఆచూకీ పోయాయి. 1.2 ఎంబీలో 33 ఫైళ్ళు ఉండటం మామూలు విషయం.

ఒక్క వాక్యం చూపించి నవ్వించాలనుకున్న ప్రోగ్రాం 16 ఫైళ్ళను మింగింది. రచయితకు ద్వేషం లేదు, చెరిపే ఆదేశం లేదు. ఒక రకం ఫ్లాపీకి సరిపోయే అంకె మరో రకం ఫ్లాపీకి సరిపోలేదు, అంతే. మామూలు ప్రోగ్రాంలో ఇలాంటి తప్పు దొరికితే సరిచేసి కొత్త ప్రతి ఇస్తారు. వైరస్‌కు ఆ వీలు లేదు. ఎవరి దగ్గర ఎన్ని ప్రతులున్నాయో రాసినవాడికే తెలియదు, పిలిచినా అవి వెనక్కి రావు. వైరస్ గురించి నిరపాయం అనే మాట వాడటానికి మేం ఒప్పుకోకపోవడానికి అసలు కారణం ఇదే.

షరతులు పెట్టినా

'మరి జాగ్రత్తగా రాస్తే?' అని అడగవచ్చు. జాగ్రత్తగా రాసినవాళ్ళున్నారు.

పింగ్ పాంగ్ 1988లో ఇటలీలో బయటపడింది. తెరమీద ఒక చుక్క బంతిలా అంచు నుంచి అంచుకు గెంతుతుంది. ఇది స్టోన్డ్ కంటే మర్యాదస్థురాలు: ఖాళీగా ఉన్న చోటు చూసుకుని, అక్కడ దాక్కుని, ఆ చోటు చెడిపోయిందని పట్టికలో రాసిపెడుతుంది, కాబట్టి వేరే ఫైలు దానిమీద పడదు. ఫ్లాపీలో పోయేది 1 కేబీ. కానీ దాని కోడులో ఒక ఆదేశం పీసీల్లో అప్పటికున్న 8088, 8086 అనే చిప్పులకే తెలుసు. 286 చిప్పు వచ్చాక ఆ ఆదేశం చెల్లలేదు. సోకిన ఫ్లాపీ పెట్టి 286 యంత్రం మొదలుపెడితే బంతి లేదు, గెంతూ లేదు. యంత్రం అక్కడే బిగుసుకుపోయేది. రేపు వచ్చే యంత్రం ఎలా ఉంటుందో నేటి వైరస్‌కు తెలియదు. అయినా అది రేపటిదాకా బతికే ఉంటుంది.

క్యాస్కేడ్ రచయిత ఐబీఎం సొంత యంత్రాలను వదిలెయ్యాలని ఒక షరతు పెట్టాడు. యంత్రంలో ఐబీఎం పేరుందేమో చూసే కోడ్ రాశాడు. అందులో పొరపాటుంది, ఐబీఎం యంత్రాలకూ సోకింది. బెల్జియంలోని ఐబీఎం కార్యాలయంలోనే పాకింది. ఆ తర్వాతే ఆ సంస్థ యాంటీవైరస్ పనిని గట్టిగా పట్టించుకుంది.

1988 మార్చి 2న యాపిల్ మాకింటోష్ కంప్యూటర్ల తెరలమీద ప్రపంచశాంతి సందేశం ఒకటి కనిపించింది. ఆ ఒక్కరోజు చూపించి, తనను తాను చెరిపేసుకునేలా రాసిన వైరస్ అది. గడువు తేదీ ఉన్న వైరస్ అన్నమాట. అంతకన్నా సౌమ్యమైనది ఊహించడం కష్టం. కానీ గడువులోపే అది చేతులు మారి, ఆల్డస్ కంపెనీ అమ్మకానికి పెట్టిన ఫ్రీహ్యాండ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం ఫ్లాపీల్లోకి చేరింది. డబ్బిచ్చి కొన్న సీలు పెట్టెలోంచి వైరస్ వచ్చింది.

అదే ఏడాది నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే అమెరికా విద్యార్థి ఇంటర్నెట్‌లో ఒక వార్మ్ వదిలాడు. వార్మ్ అంటే నెట్‌వర్క్ మీదుగా తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రాం. దాంట్లో చమత్కారం కూడా లేదు, పాకడం ఒక్కటే పని. ఒకే యంత్రంలో రెండు ప్రతులు ఉండకుండా అది ముందు 'ఇక్కడ ఇంకొకరున్నారా?' అని అడిగేది. ఉన్నారని అబద్ధం చెప్పి తప్పించుకునే నిర్వాహకులుంటారేమోనని, 7 సార్లలో ఒకసారి ఆ జవాబును లెక్కచెయ్యకుండా ఉండిపోయేలా రాశాడు. ఏడింట ఒకటి అన్న ఆ లెక్క చాలా ఎక్కువైంది. ప్రతిమీద ప్రతి పోగై యంత్రాలు కదలలేని స్థితికి వచ్చాయి. 7 బదులు మరో అంకె పెట్టి ఉంటే ఎలా ఉండేదో ముందుగా తెలుసుకోవాలంటే ప్రయోగం చెయ్యాలి. ఆ ప్రయోగాన్ని అతను నేరుగా అసలు ఇంటర్నెట్ మీదే చేశాడు.

ఫ్లాపీలు పోయి వెబ్ వచ్చాక వేగం మారింది. 2005 అక్టోబరులో సామీ కామ్‌కార్ అనే కుర్రాడు అప్పటి సామాజిక మాధ్యమం మైస్పేస్‌లో తన ప్రొఫైల్‌కు కాస్త కోడ్ తగిలించాడు. ఆ ప్రొఫైల్ చూసినవారి పేజీలో 'అందరికన్నా సామీయే నా హీరో' అనే వాక్యం చేరుతుంది, సామీ వాళ్ళ మిత్రుడైపోతాడు, చూసినవారి పేజీ కూడా అదే పని చేస్తుంది. 20 గంటల్లో 10 లక్షల మంది దాటారు. సైటును ఆపి శుభ్రం చెయ్యాల్సి వచ్చింది, ఆయనకు కోర్టు శిక్ష పడింది.

2009 నవంబరులో ఆస్ట్రేలియా కుర్రాడొకడు వదిలిన ఐకీ వార్మ్ ఇంకా బాధ కలిగించేది. యాపిల్ పెట్టిన కట్టుబాట్లను యజమానులే తీసేసుకున్న (జైల్‌బ్రేక్ చేసిన) ఐఫోన్లలో, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవాటిలోకి దూరి, వాల్‌పేపర్‌గా పాటగాడు రిక్ ఆస్ట్లీ ఫొటో పెట్టేది. దూరిన తలుపును తనే మూసేసేది కూడా. ఆ నెలలోనే అదే దారి పట్టుకుని మరొకరు రాసిన వార్మ్ నెదర్లాండ్స్‌లో బ్యాంకు ఖాతాదారుల వివరాలకు ఎసరు పెట్టింది. చమత్కారం కోసం రాసిన పాకే భాగం నమూనాగా పడి ఉంటే, పేలోడ్ మార్చుకోవడం ఎంతసేపు?

కోడు లేని వైరస్

ఊహించిన వైరస్ కాగితం మీదే ఉంటే ప్రమాదం లేదు అనుకుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. 1994లో 'గుడ్ టైమ్స్' అనే పేరుతో ఈమెయిల్ వస్తే తెరవకండి, తెరిస్తే డిస్కంతా పోతుందని హెచ్చరిక తిరిగింది. అలాంటి వైరస్ లేనే లేదు. హెచ్చరికే వైరస్‌లా పాకింది; ప్రతులు చేసింది మనుషుల వేళ్ళు. 2002లో మరో హెచ్చరిక ఒక అడుగు ముందుకు వేసింది. మీ విండోస్‌లో చిన్న ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలుందేమో వెతకండి, ఉంటే అది వైరస్, చెరిపెయ్యండి అంది. వెతికితే దొరికేది, ఎందుకంటే అది విండోస్‌తోపాటు వచ్చే సొంత ఫైలే. దొరికింది కాబట్టి జనం నమ్మారు, చెరిపారు, పదిమందికి పంపారు. పేలోడ్ కూడా మనుషుల చేతే చేయించిందన్నమాట. ఇవాళ వాట్సాప్ గ్రూపుల్లో 'ఈ వీడియో తెరిస్తే ఫోన్ హ్యాక్ అవుతుంది, అందరికీ పంపండి' అని వచ్చే తెలుగు ఫార్వర్డులు ఈ వంశంలోవే.

అందుకని మీరు ఊహించిన సరదా వైరస్ గురించి రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. హెచ్చరిక రూపంలో రాయకండి, 'అందరికీ పంపండి' అనకండి. ఇది ఊహ అని మొదటి వాక్యంలోనే, ఆ వాక్యాన్ని విడదీసి పంపలేనట్టుగా రాయండి. సంక్రాంతి నెలంతా తెర అడుగున హరిదాసు చిడతలు వాయిస్తూ నడిచిపోయే వైరస్, మధ్యాహ్నం ఒంటిగంటకు 'భోజనం చేశారా?' అని అడిగి, చేశానంటే గానీ వదలని వైరస్: ఇవి చదివి నవ్వుకోవడానికి చాలా బాగుంటాయి, చదివినచోటే ఉండిపోతాయి.

చట్టం ఏమంటుంది

మన దేశంలో ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో వైరస్‌నుగానీ 'కంటామినెంట్'నుగానీ ప్రవేశపెడితే పరిహారం చెల్లించాలి. ఈ కంటామినెంట్ నిర్వచనం చాలా వెడల్పైనది: డేటాను మార్చేవే కాదు, కంప్యూటర్ మామూలు పనిని ఏ విధంగానైనా తన చేతుల్లోకి లాక్కునేలా రూపొందించిన ఆదేశాలన్నీ అందులోకి వస్తాయి. తెరను ఆక్రమించి బంతిని గెంతించే ప్రోగ్రాం అందులో పడదని వాదించడం కష్టం. రూ.5 కోట్ల దాకా పరిహార ఫిర్యాదులను రాష్ట్ర ఐటీ కార్యదర్శి విచారిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అంతే. అదే పని మోసపూరితంగానో, అక్రమ లాభనష్టాలు ఉద్దేశించో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే సరదాకే చేశానన్న మాట 66 నుంచి కాపాడవచ్చు గానీ 43 నుంచి కాపాడదు.

జపాన్‌లో 2019లో, మూసినకొద్దీ మళ్ళీ తెరుచుకునే సందేశపు పెట్టె ఉన్న పేజీ లింకు పెట్టినందుకు 13 ఏళ్ళ అమ్మాయిని పోలీసులు ప్రశ్నించారు. ట్యాబ్ మూసేస్తే పోయే ఆటకు అది అతి అని మా అభిప్రాయం. కానీ అడిగే పోలీసుకు ఆటకూ దాడికీ తేడా అంత సులువుగా కనిపించదని గుర్తుంచుకోవాలి.

పాకకుండా నవ్వించాలంటే

వైరస్ నుంచి ప్రతులు చేసుకునే భాగాన్ని తీసేస్తే మిగిలేదాన్ని జోక్ ప్రోగ్రాం అంటారు. 1990ల్లో జపాన్ నుంచి వచ్చి కిటికీల అంచులమీద నడిచిన చిన్న గొర్రె, విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలి తెరను అచ్చుగుద్దినట్టు చూపించే సిస్‌ఇంటర్నల్స్ సంస్థ స్క్రీన్‌సేవర్ ఈ కోవలోవి. యాంటీవైరస్‌లు వీటికి 'జోక్' అనే వేరే వర్గం పెట్టుకున్నాయి.

ఒత్తులు రాలే తెరను ఈ పద్ధతిలో మీరే చెయ్యవచ్చు. ఒకే ఒక్క వెబ్ పేజీగా రాయండి. బ్రౌజర్లో తెరిచిన పేజీ, చూసేవారి అనుమతి లేకుండా డిస్కులోని ఫైళ్ళను ముట్టుకోలేదు. మనకు కావలసిన అడ్డుగోడ అదే. వ్యాసాన్ని అక్షరాలుగా విడగొట్టి, ఒత్తున్న ప్రతి అక్షరాన్నీ రెండు బొమ్మలుగా గియ్యాలి: ఒత్తు లేని రూపం ఒకటి, ఒంటరి ఒత్తు ఒకటి. ఒంటరి ఒత్తు కావాలంటే విడిపోని ఖాళీ, పొల్లు, హల్లు ఈ వరుసలో పెట్టండి. మ ఒత్తుకైతే 160, 3149, 3118. మామూలు ఖాళీ పెడితే చాలాసార్లు చుక్కల వలయం కనిపిస్తుంది. ఫాంటును బట్టి ఫలితం మారుతుంది కాబట్టి పేజీతోపాటు ఒకే ఫాంటు జతచెయ్యండి. అక్షరం బొమ్మలో కింది సగం కత్తిరిస్తే సరిపోదా అంటే సరిపోదు: య ఒత్తు కుడిపక్కకు సాగుతుంది, ర ఒత్తు ఎడమనుంచి చుట్టుకుంటుంది, 'క్ష' పూర్తిగా వేరే రూపం. విడగొట్టే పనిని బ్రౌజర్‌కు వదిలేస్తే పాత బ్రౌజర్లు 'అమ్మ'ను అ, మ్, మ అని మూడు ముక్కలు చేస్తాయి, కొత్తవి అ, మ్మ అని రెండు. పొల్లును చూసి మీరే విడగొట్టుకోవడం మేలు.

వేగం సంగతి. భూమ్యాకర్షణలా పడాలంటే, పడిన దూరం కాలం వర్గంతో పెరగాలి. సెకను వర్గానికి 600 పిక్సెళ్ళ త్వరణం పెడితే 900 పిక్సెళ్ళ తెర దాటడానికి 1.7 సెకన్లు, రాయి పడినట్టుంటుంది. 60 పెడితే 5.5 సెకన్లు, ఆకు రాలినట్టుంటుంది. ఒత్తులన్నీ ఒకేసారి కాకుండా సెకనుకు 8, 10 రాలితే కన్ను ఒక్కొక్కదాన్నీ వెంబడిస్తుంది. తెర మెరుపులు పెట్టకండి. సెకనుకు 3 సార్లకు మించి మెరిస్తే కొందరికి మూర్ఛ వచ్చే ప్రమాదముంది. 30 సెకన్ల తర్వాత ఒత్తులన్నీ ఎగిరి తమ చోట్లకు చేరాలి, మీ పేరు కనిపించాలి. ఎస్కేప్ మీట ఎప్పుడు నొక్కినా అక్కడికక్కడే ఆగాలి.

తనంతట తాను వెనక్కి వెళ్ళడం ఎంత ముఖ్యమో విండోస్‌లోనే చూడవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో తెరను తలకిందులు చేస్తే, ఉంచమంటారా అని అడుగుతుంది. 15 సెకన్లలో జవాబు రాకపోతే పాత స్థితికి తిప్పేస్తుంది. తెర కనబడని మనిషి ఏ మీటా నొక్కలేడన్న ఆలోచన దాని వెనక ఉంది.

కోడు లేకుండా చేసేవాటిలో మౌస్ అడుగున సెన్సర్‌కు చీటీ అంటించడం అన్నిటికన్నా మంచిది. సెల్లోటేపు వద్దు, జిగురు గాజుకు పట్టేస్తుంది; అంచున మాత్రమే జిగురుండే పసుపు చీటీ చాలు. చీటీ మీద మీ పేరు రాయండి, లేకపోతే అవతలివారు కొత్త మౌస్ కొనేస్తారు. డెస్క్‌టాప్ ఫొటో తీసి దాన్నే వాల్‌పేపర్‌గా పెట్టి, అసలు ఐకాన్లను దాచెయ్యడం రెండోది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి, వ్యూలో షో డెస్క్‌టాప్ ఐకాన్స్ ఎదురుగా టిక్కు తీస్తే చాలు. పాత వాల్‌పేపర్ ఫైలు ఎక్కడుందో ముందే రాసుకోండి. దీంట్లో తేడా వచ్చేది క్లిక్కు పనిచెయ్యక విసిగిన మనిషి పవర్ బటన్ నొక్కిపట్టినప్పుడు. సేవ్ చెయ్యని పని ఏదైనా తెరిచి ఉంటే ఈ ఆట ఆడకండి.

వర్డ్ ఆటోకరెక్ట్‌లో ఒక మాట రాస్తే మరో మాట పడేలా చెయ్యడం చాలామందికి ఇష్టమైన ఆట. మేం మాత్రం వద్దంటాం. ఆ జాబితా వర్డ్‌కు మాత్రమే చెందదు, ఆఫీస్ ప్రోగ్రాములన్నిటికీ ఒకటే. వర్డ్‌లో నవ్వుకోవడానికి పెట్టిన మాట అవుట్‌లుక్‌లో క్లయింటుకు వెళ్ళే మెయిల్‌లో పడుతుంది. ప్రతులు చేసుకోకపోయినా, మీరు చూడని చోటికి అది పాకింది.

పాత వైరస్‌ల చమత్కారాలను కళ్ళారా చూడాలనుకుంటే 2016లో ఇంటర్నెట్ ఆర్కైవ్ తెరిచిన మాల్‌వేర్ మ్యూజియం ఉంది. ఫిన్లాండ్ నిపుణుడు మిక్కో హిప్పోనెన్ సేకరించిన డాస్ వైరస్‌ల నుంచి హాని చేసే భాగాలు తీసేసి, కనిపించే ఆటను మాత్రం ఉంచారు. అది బ్రౌజర్లో, డాస్ యంత్రాన్ని అనుకరించే పెట్టెలో ఆడుతుంది.  చూసినంతసేపు చూసి ట్యాబ్ మూసెయ్యవచ్చు.